ఏడు కిలోల గంగ

ఆపరేషన్ అయిన మూడోరోజు పొద్దున్న వీరవేణి ఒంట్లో చేరిన ఏడు కిలోల నీటిని జిల్లా ఆసుపత్రివాళ్ళు వేరే మనిషిగా రాసుకున్నారు.

అందులో వింతేమీ లేదు. కాన్పుల వార్డులో రోజూ పొద్దున్నే అందర్నీ కాటా ఎక్కిస్తారు. వీరవేణి నొప్పులతో వచ్చినరోజు యాభై ఎనిమిది కిలోలుంది. కడుపు కోసి పాపను తీశారు. మాయ తీశారు. ఉమ్మనీరు పోయింది, రక్తం పోయింది. ఎలా చూసినా యాభై నాలుగు ఉండాలి. కాటా ముల్లు అరవై ఒకటి దగ్గర ఆగింది. సిస్టర్ సలోమి ఆమెను దించి, కాటాను కాలితో ఒకసారి తట్టి, మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ అరవై ఒకటే.

"ఏడు," అంది సిస్టర్, పుస్తకంలో రాస్తూ. "ఐదు దాటింది. రికార్డు గదికి కబురు పంపాలి."

ఐదు కిలోల దాకా అయితే దాన్ని వాపు అంటారు. ఐదు దాటితే అదనపు మనిషి. ఆ సంగతి గోడమీద అద్దాల పెట్టెలో టైపు కొట్టి అంటించి ఉంది. పక్క మంచం ఆవిడకి నాలుగు కిలోల ఎనిమిది వందల దగ్గర ఆగిపోయింది. ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. "మా ఇంట్లో అన్నీ ఇంతేలే, అంచుదాకా వచ్చి ఆగిపోతాయి," అని అటు తిరిగి పడుకుంది.

వీరవేణి తన కాళ్ళకేసి చూసుకుంది. అవి ఆమె కాళ్ళలా లేవు. చీలమండలు మునిగిపోయి, మోకాలి కింద నుంచి వేళ్ళదాకా ఒకటే దుంగలా ఉన్నాయి. ఆపరేషన్‌కి ముందు సబ్బు రాసి తీసిన మెట్టెలు తల్లి కొంగు చివర ముడేసి ఉన్నాయి. చేతివేళ్ళు మడవబోతే చర్మం ఎవరో పట్టి లాగినట్టు అవుతోంది. మొహం ఎలా ఉందో అద్దం లేక తెలియలేదు గాని, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి వేరే మంచం వైపు వెళ్ళబోతున్నారు.

డాక్టరుగారు వచ్చి ఆమె కాలిని బొటనవేలితో నొక్కారు. సొట్ట పడింది. ఆయన వేలు తీశాక కూడా సొట్ట అలాగే ఉండిపోయింది.

"మామూలే. ఆపరేషన్లో ఎక్కించిన సెలైను. ఒళ్ళు బెదిరిపోయి నీటిని పట్టుకుని కూర్చుంటుంది. వారం పదిరోజుల్లో దానంతట అదే పోతుంది." ఈ మాట ఆయన సొట్టకి చెప్పి వెళ్ళిపోయారు.

డాక్టరుగారి మాటను ఆసుపత్రిలో ఎవరూ కాదనలేదు. కాకపోతే వైద్యం కింది అంతస్తులోది, రాత పై అంతస్తులోది.

పై అంతస్తు నుంచి రికార్డు గుమాస్తా మార్కండేయులు దిగివచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని, "పేరు చెప్పండమ్మా," అన్నాడు.

"వీరవేణండి."

"మీది కాదు. ఆవిడది."

వీరవేణి తల్లి అప్పాయమ్మ మంచం కింద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. లేచి నిలబడింది. "నీళ్ళకి పేరేంటి బాబూ? మా పిల్లకి నీరు పట్టింది. ఎవరికైనా పడద్ది. రెండు రోజులు నోరు కట్టుకుంటే లాగేస్తది."

"ఖాళీ వదిలితే కంప్యూటరు ముందుకెళ్ళదమ్మా. ఏదో ఒకటి చెప్పండి."

వీరవేణి మొగుడు పోలరాజు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రొయ్యల చెరువుల మీద పనివాడు. రోజుకి వందసార్లు కాటా చూసే మనిషి గనక ధైర్యం చేశాడు. "సార్, రొయ్యలు తూచినప్పుడు నీటికి తరుగు తీసేస్తారండి. రొయ్యకే తీస్తారు, మనిషికి తియ్యరాండి?"

అది న్యాయమైన మాటే. "రొయ్యకి ఆధార్ లేదు కదయ్యా," అన్నాడు మార్కండేయులు, ఏమీ అనుకోవద్దన్నట్టు.

"దాని మొహం మండ, గంగ అని రాసుకో," అంది అప్పాయమ్మ విసుగ్గా.

గంగ అని రాసుకున్నాడు. వయసు మూడు రోజులు అని రాయబోతే కాన్పుల వార్డులో పద్దెనిమిది లోపు కుదరలేదు. దాంతో వీరవేణి వయసే, ఇరవై ఒకటి, వేశాడు. ఊరు, వీధి, మొగుడి పేరు ఒకే మంచం గనక వాటంతట అవే వచ్చి పడ్డాయి. కాగితం పూర్తయ్యేసరికి పోలరాజుకి ఇంకో పెళ్ళాం ఉంది. అతను ఏం చెయ్యాలో తెలియక జేబులోంచి చేతులు తీసి కట్టుకున్నాడు.

మంచం కొత్తగా చేరినవాళ్ళకి ఇవ్వాలి. అందుకని మంచం గంగ పేర రాశారు. వీరవేణి పేరు పక్కన 'నేల' అని వేశారు. గంగని విడిగా పడుకోబెట్టడం కుదరదు కాబట్టి వీరవేణి కూడా మంచం మీదే ఉండొచ్చని సిస్టర్ సలోమి పెద్దమనసు చేసుకుంది. అసలు ఆ వార్డులో మంచానికి ఇద్దరు ఎప్పుడూ ఉంటారు. ఒకావిడ తల అటు, ఇంకొకావిడ తల ఇటు. గంగ విషయంలో ఆ ఇబ్బంది కూడా లేదని అందరూ మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం గంగకి కూడా గుడ్డు వచ్చింది. తినకుండా వదిలేస్తే 'ఆహారం నిరాకరించింది' అని రాసి మనసు డాక్టరు దగ్గరికి పంపుతారు. పోలరాజు దాన్ని మెట్లకింద నిలబడి, ఎవరైనా చూస్తారేమోనని ఒక్క గుటకలో మింగేశాడు.

ఇంతవరకూ వీరవేణి భయపడలేదు. కుట్లు నొప్పెడుతుంటే భయానికి చోటు లేదు. భయం పాప దగ్గర మొదలైంది.

పాప నెల ముందుగా పుట్టింది. కిలో ఏడు వందల ఎనభై గ్రాములు. వరండా చివర పసిపిల్లల వార్డులో గాజుపెట్టెలో పెట్టారు. మూడు గంటలకోసారి తల్లి వెళ్ళి పాలివ్వాలి. పిల్లలు మారిపోకుండా, ఎత్తుకుపోకుండా ఆ గుమ్మానికి వేలిముద్ర మిషను బిగించారు. తల్లి బొటనవేలు పెడితే పచ్చలైటు వెలిగి తలుపు తెరుచుకుంటుంది. మొదటి రెండు రోజులూ, మూడోరోజు పొద్దున్నా బాగానే తెరుచుకుంది. ఆరోజు మధ్యాహ్నం వీరవేణి గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి వేలు పెడితే ఎర్రలైటు వెలిగింది.

తుడిచి మళ్ళీ పెట్టింది. ఎరుపు. చీరకి రుద్ది పెట్టింది. ఎరుపు. ఉబ్బిన బొటనవేలు మీద గీతలన్నీ సాగిపోయి, నున్నటి చింతగింజలా మెరుస్తోంది.

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న ఆయా తల అడ్డంగా ఊపింది. "నువ్వు తల్లివి కాదంట."

"నేనేనండి. పొద్దున్న కూడా వచ్చాను. మీరు ఇక్కడే ఉన్నారు గదా."

"నాకు తెలుసమ్మా నువ్వేనని. నేను అంటన్నాను. మిషను అనట్లేదు."

లోపల పాప ఏడ్చింది. లోపల పదకొండుమంది పిల్లలున్నారు. ఏడుపులన్నీ పిల్లికూతల్లాగే ఉంటాయి. అయినా అందులో తనది ఏదో వీరవేణికి తెలుసు. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. ఆయా ఆ తడికేసి చూసి కళ్ళు తిప్పుకుంది. తడిని గుర్తుపట్టే మిషను ఇంకా రాలేదు.

మార్కండేయుల్ని పిలుచుకొచ్చారు. అతను పరిగెత్తుకుంటూనే వచ్చాడు. పాపం, చెడ్డవాడు కాదు. విషయం విని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంతేనా! గంగకి ఇంకా వేలిముద్ర తీసుకోలేదు కదమ్మా. ఈ వేలు ఆవిడదే అయ్యుంటుంది. పెట్టు."

వీరవేణి క్షణం ఆగింది. ఏదో తప్పు చేస్తున్నానని అనిపించింది. లోపల పాప ఇంకోసారి ఏడ్చింది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన పిల్ల. కాగితం మీద వేలు పెట్టమంటే పెట్టడమే తెలుసు. పెట్టింది. పచ్చలైటు వెలిగింది. తలుపు తెరుచుకుంది.

పాలిచ్చే తల్లి పేరు మారింది కాబట్టి పాప చేతికున్న పట్టీ కూడా మార్చారు. 'వీరవేణి పాప' తీసేసి 'గంగ పాప' అని కట్టారు. పాప పెదాలు చప్పరిస్తూ పాలు తాగుతుంటే వీరవేణికి ఆ పట్టీ కనిపించలేదు. కనిపించాక, ఆకలి తీరింది కదా, పేరుదేముంది అనుకుంది.

పేరుదేముందో సాయంత్రం మార్కండేయులే చెప్పాడు. ఇంటికెళ్ళబోతూ, సంచి భుజాన వేసుకుని, మంచి చెప్పే మనిషిలా మంచం దగ్గర ఆగాడు.

"పాప రెండు కిలోలు అవ్వగానే ఇంటికి పంపుతారమ్మా. గంగ వేలిముద్ర తీసుకుని గంగకి అప్పజెబుతారు. ఈలోపు గంగ పోకుండా చూసుకోండి."

"పోవడమేంటండి?"

"డాక్టరుగారు చెప్పారు కదా, వారం పదిరోజుల్లో నీరు పోతుందని. నీరు పోతే గంగ పోయినట్టే. తల్లి పోయిన పిల్లని శిశుగృహకి పంపిస్తాం. అక్కడ బాగానే చూసుకుంటారు. ఈమధ్య ఫ్యాన్లు కూడా వేశారు."

పోలరాజు ముందుకొచ్చాడు. "నేను తండ్రినండి. నాకిచ్చెయ్యండి."

"ఇస్తాం. గంగని నువ్వు పెళ్ళి చేసుకున్నట్టు సర్టిఫికెట్టు తెచ్చుకో." అలా అని, చెప్పుల చప్పుడు కాకుండా వార్డు దాటి వెళ్ళిపోయాడు.

ఆ క్షణం నుంచి వీరవేణికి రెండే లెక్కలు. పాప బరువు, గంగ బరువు. పాప పెరగాలి, గంగ తరగకూడదు. పాపకి రెండు కిలోలు రావడానికి ఇంకా రెండు వందల ఇరవై గ్రాములు కావాలి. రోజుకి మహా అయితే నలభై, యాభై కన్నా పెరగదు. నాలుగోరోజు పాప కిలో ఏడు వందల తొంభై. గంగ ఆరు కిలోల తొమ్మిది వందలు. ఐదోరోజు పాప కిలో ఎనిమిది వందల ఇరవై. గంగ ఆరు.

ఒక్కరోజులో తొమ్మిది వందల గ్రాముల మనిషి ఎటు పోయింది? వార్డులో అందరికీ తెలుసు. గీతలున్న ప్లాస్టిక్ కూజా ఒకటి మరుగుదొడ్డి గుమ్మం దగ్గర ఉంటుంది. ఆపరేషన్ అయినవాళ్ళు అందులో పోసి చూపించాలి. సిస్టర్ సలోమి గీత చూసి గంగ కాగితంలో 'పోయినది' అనే గడిలో రాస్తుంది. వేరే ఆడవాళ్ళకి ఆ గడి నిండితే సంతోషం. వీరవేణి ఆ గడిలో అంకె చూసినప్పుడల్లా పాపకి ఇంకెన్ని గ్రాములు కావాలో లెక్కేసుకునేది.

బిగబట్టుకోవడం మొదలుపెట్టింది. తొడలు ముడుచుకుని, కుట్లు చిట్లుతాయేమోనని అరచేత్తో పట్టుకుని, పైకప్పు కేసి చూస్తూ పడుకునేది. మనసులో గంగతో మాట్లాడేది. పోకే గంగా. నీకు దణ్ణం పెడతాను. నువ్వు నా ఒంట్లోకొచ్చి నా మంచం తీసుకున్నావు, నా పాపని తీసుకున్నావు, నేనేమన్నా అన్నానా? ఇంకో నూటఎనభై గ్రాములు. అంతదాకా కూర్చో తల్లీ. తర్వాత ఎటు పోతావో పో.

మార్కండేయులు శిశుగృహ మాట అన్నప్పుడు అప్పాయమ్మ వార్డులో లేదు, ఆమెకి ఇదంతా ఎవరూ చెప్పలేదు. ఆమె గొడవ వేరు. బాలింతకి నీళ్ళియ్యకూడదని ఆమె తల్లి ఆమెకి చెప్పింది, ఆమె తల్లికి వాళ్ళమ్మ చెప్పింది. చెవుల్లో దూది పెట్టింది. నడుముకి పాతచీర బిగించి చుట్టింది. పొద్దున్న బాలింతలకి పెట్టే కాయం మందు ఉండ, మధ్యాహ్నం వెల్లుల్లి కారంతో నాలుగు ముద్దలు. నీళ్ళు మాత్రం కాచి చల్లార్చి చిన్న గ్లాసుడు, అదీ రోజుకి రెండుసార్లు. మంచినీళ్ళ సీసా తన సంచిలో బట్టల అడుగున దాచింది.

"అమ్మా, నాలిక ఎండిపోతందే."

"ఎండనీ. ఆ నీరంతా లాగాలంటే ఎండాలి. మీ పిన్ని ఇలాగే గొడవపడి చెంబెడు తాగేసి, పొట్ట జారి ఎలాగైపోయిందో చూశావా? నీకు తెలీదు, నోర్ముయ్."

రోజూ పొద్దున్నే కొంగు ముడి విప్పి, మెట్టెలు తీసి, కూతురి కాలివేలికి ఎక్కించి చూసేది. ఆరోరోజు ఒకటి సగందాకా ఎక్కింది. అప్పాయమ్మ మొహం వెలిగిపోయింది. "చూశావా! మావూరి కాయం అంటే ఏంటనుకున్నావ్! రేపటికి రెండూ ఎక్కేస్తయ్." వార్డంతా వినబడేలా చెప్పింది. వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాలింత ఏడవకూడదని, ఏడిస్తే చూపు మందగిస్తుందని తల్లి ఇంకా తిట్టింది.

ఆమె ఏడుపు ఆపింది చూపు కోసం కాదు. కళ్ళలోంచి పోయేది కూడా గంగే కదా అని మధ్యలో గుర్తొచ్చి ఆపేసింది.

అప్పటినుంచి తల్లి కన్నుగప్పి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. స్నానాల గదిలో కుళాయి కింద దోసిలి పట్టి తాగేది. నీటిని లోపల పట్టి ఉంచేది ఉప్పేనని ఎవరో అనగా విని, పక్క మంచం ఆవిడని మాగాయ ముక్క అడిగింది. ఆవిడ ఏమీ అడగకుండా సీసామూతలో వేసిచ్చింది. "నాకు ఐదు కిలోలు వచ్చుంటే నేనూ ఇదే చేసేదాన్ని," అంది. వీరవేణి మాగాయ ముక్క బుగ్గన పెట్టుకుని ఉప్పు చప్పరించేది. ఊట కారం కుట్లదాకా దిగినట్టుండేది.

అయినా గంగ ఆగలేదు. ఒంట్లో వాన వెలిసినట్టు అయిపోయింది. ఎంత తాగితే అంతకు రెండింతలు పోతోంది. ఏడోరోజు గంగ మూడు కిలోల ఆరు వందలు, పాప కిలో ఎనిమిది వందల తొంభై. ఎనిమిదోరోజు గంగ రెండు కిలోల నూట యాభై, పాప కిలో తొమ్మిది వందల ఇరవై. తొమ్మిదోరోజు పొద్దున గంగ పాపకన్నా తేలిక అయిపోయింది. తొమ్మిది వందల గ్రాముల తల్లి, కిలో తొమ్మిది వందల యాభై ఐదు గ్రాముల బిడ్డ. పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసి సిస్టర్ సలోమి పెన్ను మూత పెట్టింది.

ఆ పొద్దున గుమ్మం దగ్గర వీరవేణి వేలు పెడితే ఎరుపు వెలిగింది. రెండోసారి ఎరుపు. ఇప్పుడు ఆమె వేలు మళ్ళీ ఆమె వేలులాగే ఉంది, సన్నగా, గీతలతో. అది వీరవేణి వేలు. కాని మిషను లోపల వీరవేణి పేరుకి ఇప్పుడు పాప లేదు.

ఆయా లేచి నిలబడింది. ఇలాంటప్పుడు పై అంతస్తుకి ఫోను చెయ్యాలి. చెయ్యబోతూ, "ఒకసారి నోట్లో పెట్టుకుని చప్పరించి పెట్టి చూడు," అంది. వీరవేణి వేలు నోట్లో పెట్టుకుని చంటిపిల్లలా చప్పరించి, నానినదాన్ని అదిమిపెట్టింది. చాలాసేపు ఏ రంగూ రాలేదు. తర్వాత పచ్చ వెలిగింది. లోపలికెళ్ళి పాపని రొమ్ముకి ఆనించుకుంది. పాప పట్టు మాటిమాటికీ జారిపోయింది.

బయటికొస్తుంటే ఆయా, కూతురికోసం వరండాలో నిలబడ్డ అప్పాయమ్మని ఆపి మొత్తం చెప్పింది. పట్టీ సంగతి, లైటు సంగతి, శిశుగృహ సంగతి. అప్పాయమ్మ వార్డులోకొచ్చి సంచిలో బట్టలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టి, అడుగునున్న నీళ్ళసీసా తీసింది. కొంగుతో మూతి తుడిచింది. గుప్పెట్లో ఉప్పు పట్టుకొచ్చి అందులో పోసింది.

"తాగు."

"అమ్మా."

"తాగవే. మొత్తం తాగు." కన్నకూతురికి విషం పోస్తున్నట్టే పోసింది. కూతురు గుక్క మింగినప్పుడల్లా ఆమె కూడా గుటక వేసింది. అయ్యాక చెవుల్లో దూది తీసేసి, నడుం కట్టు వదులు చేసి, కాళ్ళు మంచం మీంచి కిందికి వేలాడదీయించింది. "కిందికి దిగితే నిలబడద్దేమో," అంది. మెట్టెలు మళ్ళీ కొంగు చివర ముడేసి, ఆ ముడిని ఇంకో ముడేసింది.

సాయంత్రం మందులివ్వడానికి వచ్చినప్పుడు సిస్టర్ సలోమి జేబులోంచి తెల్లదారం ఉండ ఒకటి తీసి దిండు కింద పెట్టింది. "బొడ్డు కట్టే దారం. ఇప్పుడు క్లిప్పులొచ్చాక వీటితో పనిలేదు. బొటనవేలి మొదట్లో రెండు చుట్లు చుట్టి కాసేపాగు, వేలు ఉబ్బుద్ది. మరీ బిగించకు, నల్లబడితే అది మూడో మనిషి అంటారు."

వీరవేణి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇది తప్పు కాదా సిస్టరమ్మా?"

"తప్పేంటమ్మాయ్? ఈ ఏడు నువ్వు పదహారో దానివి." సిస్టర్ చెయ్యి విడిపించుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళి మాత్రలు లెక్కపెట్టింది.

పదోరోజు పాప నిద్రలో పాలు కక్కింది. కక్కిన పాలు ఎన్ని గ్రాములుంటాయి? పది? పదిహేను? గాజుపెట్టె పక్కన చిన్న కాటా మీద పాపని పడుకోబెట్టారు. పాప కాళ్ళు ఆడిస్తుంటే అంకె పైకీ కిందికీ కదులుతోంది. వీరవేణి అంకె కేసి చూడలేక పాప అరికాళ్ళ కేసి చూసింది. వేరుశెనగ గింజలంత వేళ్ళు.

"రెండు కిలోల ఐదు," అన్నారు ఎవరో.

గంగని కూడా తూచారు, నియమం గనక. మూడు వందల గ్రాములు. మార్కండేయులు ఆ అంకె చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మూడు వందల గ్రాముల మనిషి రెండు కిలోల పాపని ఎత్తుకుని నడవగలదా అని అతనికి నిజంగానే అనుమానం వచ్చింది. పుస్తకం తిరగేసి చూశాడు. కూడదని ఎక్కడా లేదు.

"వేలు పెట్టమ్మా గంగా."

కొంగు చాటున దారం బిగించి అప్పటికే చాలాసేపైంది. వేలు వంకాయరంగుకి తిరిగి జివ్వుజివ్వుమంటోంది. పెట్టింది. పచ్చ. పాపని చేతుల్లో పెట్టారు.

"మరి వీరవేణి?" అన్నాడు మార్కండేయులు, చుట్టూ చూస్తూ. "ఆవిడ కూడా డిశ్చార్జి వేలిముద్ర వెయ్యాలి కదా?"

పోలరాజు నోరు తెరవబోతే అప్పాయమ్మ అతని కాలు తొక్కింది. దారం విప్పితే వీరవేణి, కట్టితే గంగ. విప్పి వీరవేణి వేలు వేస్తే, పాపని పట్టుకున్న ఈ మనిషెవరని అడుగుతారు. మార్కండేయులు కాసేపు ఎదురుచూసి, వీరవేణి కాగితం మీద 'చెప్పకుండా వెళ్ళిపోయింది' అని రాసి, చాలామంది బాలింతలు ఇలాగే చేస్తున్నారని విచారంగా తల ఊపి, ముద్ర కొట్టాడు.

ఇక్కణ్ణుంచి కాగితాల ప్రకారం ఆమెని గంగ అనే చెప్పుకోవాలి.

గంగ ఇంటికొచ్చిన నాలుగోరోజుకి ఒంట్లో నీరు చుక్క లేకుండా పోయింది. డాక్టరుగారు చెప్పినట్టే దానంతట అదే పోయింది. చీలమండలు పైకి తేలాయి, మెట్టెలు రెండూ ఎక్కాయి. పాప పుట్టుక కాగితం మీద తల్లి పేరు గంగ. రేషను కార్డులో పోలరాజు భార్య గంగ. టీకాల పుస్తకంలో గంగ. నెలనెలా టీకా రోజున గంగ పొద్దున్నే ఉప్పునీళ్ళు తాగి, వేలికి దారం చుట్టుకుని వెళ్ళొచ్చేది. దారం ఎక్కడైనా పడిపోతుందేమోనన్న భయంతో దాన్ని పుస్తెలతాడుకి, పిన్నీసుల పక్కన చుట్టిపెట్టుకుంది. నిద్రలో కూడా చెయ్యి అక్కడికే పోయేది. పాప పాలు తాగుతూ తాగుతూ ఆ దారం పట్టుకుని ఆడుకునేది. అప్పుడు మాత్రం గంగ పాప పిడికిలి మెల్లగా విప్పి దారం లాక్కునేది.

పాపకి ఐదో నెల నిండినప్పుడు ఆశా కార్యకర్త సూర్యకళ చేతిలో చిన్న మిషనుతో ఇంటికొచ్చింది. అదే వీధి పిల్ల. బడి మానేసేదాకా ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు.

"ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది వదినా," అంది సూర్యకళ అరుగు మీద కూర్చుంటూ. "వీరవేణి అనే బాలింత చెప్పకుండా వెళ్ళిపోయిందంట. ఇంటింటికీ అడిగి రాసుకురమ్మన్నారు."

గంగ పాపని ఈ తొడ మీంచి ఆ తొడ మీదికి మార్చుకుంది. లోపల అప్పాయమ్మ చేట చెరుగుతున్న చప్పుడు ఆగింది.

"ఆవిడ నీకు తెలుసా?" అడిగింది సూర్యకళ, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"తెలుసు."

"ఎలాంటి మనిషి? గుర్తులేమన్నా ఉన్నాయా?"

"మంచిదే. కొంచెం భయస్తురాలు."

సూర్యకళ 'భయస్తురాలు' అని రాసుకుంది. "చివరిసారి ఎప్పుడు చూశావు?"

అబద్ధం చెప్పడం గంగకి చేతకాదు. "పాప ఏడుపు విని గోడ పట్టుకుని నడుచుకుంటూ పోతంటే చూశాను. తలుపు దాకా వచ్చింది. లోపలికి రాలేదు."

"సరే. ఇక్కడ వేలు పెట్టు."

గంగ పుస్తెలతాడు బయటికి లాగి దారం విప్పింది. బొటనవేలి మొదట్లో రెండు చుట్లు చుట్టి, పంటితో ముడి బిగించి, ఇరవై దాకా లెక్కపెట్టింది. వేలు నిండింది. మిషను మీద పెట్టింది. పచ్చలైటు వెలగగానే పాప చేతులు కొట్టి నవ్వింది. పాపకి ఆ లైటంటే ఇష్టం.

దారం విప్పుకుంటుంటే నెత్తురు జివ్వున వేలి చివరికి తిరిగొచ్చింది. సూర్యకళ ఇంకా లేవలేదు. వీధిలోకి ఒకసారి అటూ ఇటూ చూసి, చెయ్యి చాపింది.

"ఆ దారం ఒకసారి ఇలా ఇయ్యి వదినా. మధ్యాహ్నం లోపల నా హాజరు కూడా వెయ్యాలి."